పసుపు గుడ్డ పురాణం

మీ కారు డిక్కీలో ఏమేమున్నాయో తడుముకోకుండా చెప్పగలరా? స్టెప్నీ, జాకీ అని తప్పించుకోకండి, అవి అందరికీ ఉంటాయి. వాటి పక్కన? పోయిన సంక్రాంతికి అత్తగారు అరిసెలు పెట్టిచ్చిన స్టీలు డబ్బా ఇంకా అక్కడే ఉందా? ఆవిడ ఫోన్ చేసినప్పుడల్లా "ఈసారి తప్పకుండా తెస్తాం అత్తయ్యా" అంటూనే ఉన్నారా? నవ్వారు కదా. దొరికిపోయారు.

ఈ మధ్య నాకో పిచ్చి పట్టుకుంది లెండి. పార్కింగులో నడుస్తూ పక్కవాళ్ళ కార్లలోకి తొంగిచూడటం. "ఎవరైనా చూస్తే దొంగనుకుంటారు" అని ఇంట్లో గోల. అనుకోనీండి. టీవీ సీరియల్ కన్నా ఇదే బావుంది, పైగా మధ్యలో ప్రకటనలుండవు. ఒక కారు చూస్తే సీటు మీద ఈగ వాలినా జారిపడేట్టుంటుంది. దాని పక్క కారులో ఏకంగా ఓ కాపురమే ఉంటుంది. ఒకే అపార్ట్‌మెంటు, ఒకే వాచ్‌మన్, ఒకే దుమ్ము. మరి ఇంత తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందంటారు?

శుభ్రమైన మనిషి కారు శుభ్రంగా ఉంటుంది అంటారా? ఆగండాగండి. అంత సులువైతే ఇన్ని కబుర్లెందుకు? మా నాలుగో అంతస్తు పెద్దాయన ఉన్నారు. ఆయన చొక్కా మడతతో వంకాయలు తరగొచ్చు. ఇంటి ముందు చెప్పులు కూడా సైజుల వారీగా బారులు తీరి ఉంటాయి. కారు తలుపు తీస్తే మాత్రం ముందుగా ఓ ఖాళీ నీళ్ళ సీసా దొర్లుకుంటూ బయటికొస్తుంది. ఇక మా తెనాలి బాబాయి సంగతి. ఆయన గది చూసి పిన్ని దణ్ణం పెట్టేసింది, ఊడవడం కూడా మానుకుంది. కారు దగ్గరికొస్తే మాత్రం ఆయనే వేరు. బానెట్టులో చూసుకుని తల దువ్వుకుంటాడు. దువ్వుకోవడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు గానీ, అది వేరే కథ.

కాబట్టి మనిషి శుభ్రానికీ కారు శుభ్రానికీ చుట్టరికం లేదు. నా లెక్క వేరే. ఎదురుచూసేవాడి కారు మెరుస్తుంది. పరిగెత్తేవాడి కారు మాస్తుంది. నమ్మకపోతే ఈసారి పెళ్ళికి వెళ్ళినప్పుడు ఫంక్షన్ హాలు బయట చూడండి. లోపల మనం మూడో బంతికి కుర్చీల వెనక నిలబడి చూస్తుంటామా, బయట డ్రైవర్లందరూ పసుపు గుడ్డలు పట్టుకుని తుడుస్తూ ఉంటారు. తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తారు. కలెక్టరేటు ముందు చూడండి, అంతే. సారు మీటింగు ఎంత సాగితే కారుకి అంత నిగారింపు. చేతిలో గుడ్డ ఉంటే టైము తెలీదు, పక్క డ్రైవరుతో కబుర్లకీ అడ్డం రాదు.

అదే క్యాబ్ అబ్బాయిని అడగండి. పొద్దున్నే మియాపూర్, తర్వాత ఎయిర్‌పోర్టు, అక్కణ్ణుంచి ఎల్బీ నగర్. తుడిచే టైమెక్కడ? పైగా అది చాలాసార్లు అతని బండి కాదు, ఓనరుకి లెక్క కట్టే బండి. ఉమ్మడి బర్రె పుచ్చి చచ్చిందని ఊరికే అన్నారా? సెల్ఫ్ డ్రైవ్ కారు అద్దెకి తీసుకుని అరకు వెళ్ళొచ్చారు మీరు. తిరిగిచ్చే ముందు డబ్బు కోసుకుంటారని భయపడ్డారే గానీ, ప్రేమతో ఒక్కసారైనా కడిగారా? ఆటోల్లోనూ అంతే. రోజు కిరాయి ఆటోకీ సొంత ఆటోకీ తేడా ఎక్కక ముందే తెలుస్తుంది. సొంత ఆటోలో అద్దం చుట్టూ పూసల దండ, పిల్లల పేర్లు, హ్యాండిల్‌కి బంతిపూలు, అగరొత్తి వాసన. కిరాయి ఆటోలో చిరిగిన సీటు, అందులోంచి మనల్ని పలకరించే స్పాంజి.

అలాగని మురికి కారువాళ్ళందరినీ తిట్టేయకండి. వాళ్ళకి దుమ్ముతో ఎంత తంటానో తెలుసా? మన రెండు రాష్ట్రాల్లో ఊరికో రంగు దుమ్ము. కొత్తగూడెం, రామగుండం వైపు బొగ్గు పొడి. తాండూరు వెళితే నాపరాళ్ళ తెల్లపొడి. సీమలో ఎర్రమట్టి. ఆదిలాబాదు నల్లరేగడి వానకి టైరు చుట్టూ పట్టుకుందంటే గడ్డపార కావాలి. విశాఖలో బీచిరోడ్డు పక్కన ఇల్లుంటే అందరూ కుళ్ళుకుంటారు గానీ, ఆ ఉప్పుగాలి కారు అడుగున రేకుని మెల్లగా తింటూ ఉంటుంది. అక్కడ కడగడం సోకు కాదు, అవసరం.

ఇంకో ముచ్చట చెప్తా. హ్యాచ్‌బ్యాక్ కారు ముందెంత శుభ్రంగా ఉన్నా వెనకద్దం ఎందుకంత మట్టి కొట్టుకుంటుందో ఎప్పుడైనా గమనించారా? కారు ముందుకి దూసుకెళ్ళేటప్పుడు నిటారుగా తెగిన ఆ వెనకభాగం దగ్గర గాలి ఒత్తిడి పడిపోతుంది. గాలి సుడి తిరుగుతుంది. చక్రాలు లేపిన దుమ్మంతా ఆ సుడిలో పడి వెనక్కొచ్చి అద్దానికి అంటుకుంటుంది. అందుకే హ్యాచ్‌బ్యాకులకీ ఎస్‌యూవీలకీ వెనక వైపర్ పెడతారు. సెడాన్‌లకి వాలుగా ఉన్న అద్దం, దాని వెనక డిక్కీ. ఆ అద్దం దాకా దుమ్ము అంతగా రాదు, వైపర్ లేకపోయినా గడిచిపోతుంది. ఆ వెనకద్దం మీదే కదా వీధి పిల్లలు వేలితో "నన్ను కడగండి" అని రాసేది? అక్షరాలు దిద్దుకోవడానికి అంత మంచి పలక ఎక్కడ దొరుకుతుంది చెప్పండి.

"వాన పడితే అదే కడుక్కుంటుంది" అనే వేదాంతి ఒకడు ప్రతి ఇంట్లోనూ ఉంటాడు. తొలకరి చినుకు ఆకాశంలోని దుమ్మునంతా మూటగట్టి తెచ్చి పైన చుక్కలు పెడుతుందని ఆయనకి చెప్పేదెవరు? పోనీ బోరు నీళ్ళతో కడుగుదామా? హైదరాబాదు బోరు నీళ్ళ సంగతి మీ గీజరునడిగితే చెబుతుంది. ఎండలో ఆరనిచ్చారో, సున్నం మరకలు. నల్లకారు మీదైతే మరీను. నల్లకారు కొన్నవాళ్ళ మీద నాకు అపారమైన గౌరవం. షోరూమ్‌లో చూస్తే ఆ నిగనిగకి కన్ను తిప్పుకోలేం. ఇంటికొచ్చిన రెండో రోజు నుంచీ గుడ్డ వదలడానికుండదు. తెల్లకారు, వెండిరంగు కారు దుమ్ముని చాలావరకు కడుపులో దాచుకుంటాయి. మన రోడ్ల మీద తెల్లకార్లే ఎక్కువ ఎందుకున్నాయని అడిగితే ఎండ అంటారు, మళ్ళీ అమ్మేటప్పుడు ధర అంటారు. బద్ధకం అని ఒక్కరూ ఒప్పుకోరు.

ఇప్పుడు పసుపు గుడ్డ భక్తులకి కాస్త కోపమొచ్చే మాట. రోజూ పొద్దున్నే పొడి దుమ్ము మీద ఆ గుడ్డతో గరగరా రుద్దేస్తారే, దానివల్లే కారు పాడయ్యేది! రంగు మీద క్లియర్ కోట్ అని ఓ పారదర్శకమైన పొర ఉంటుంది. సుమారుగా మన వెంట్రుక మందం కూడా ఉండదు. దుమ్ములో ఇసుక రేణువులుంటాయి. వాటిని గుడ్డ కింద పెట్టి రుద్దితే సన్నటి గీతలు పడతాయి. మధ్యాహ్నం ఎండలో బానెట్టు మీద గుండ్రంగా సాలెగూడులా కనిపించేవి అవే. ముందు నీళ్ళు పోసి దుమ్ము జారనివ్వాలి, ఆ తర్వాతే గుడ్డ. ఈ ముక్క మా తెనాలి బాబాయికి చెబితే వారం రోజులు మాట్లాడలేదు. మరి ఎప్పుడూ తుడవని నాలుగో అంతస్తు ఆయన కారుకి ఆ గీతలు లేవు. కలికాలం అంటే ఇదేనేమో! ఆయన పొంగిపోనక్కర్లేదు లెండి. కానుగ చెట్టు కింద పెట్టిన ఆ కారు మీద కాకులు చేసిన అలంకారంలో యూరిక్ ఆమ్లం ఉంటుంది. ఎండలో వదిలేస్తే అదీ రంగుని తినేస్తుంది.

అపార్ట్‌మెంటు సెల్లార్లో నెలకింత అని మాట్లాడుకున్న కడుగుడు సంగతి ఇంకా బావుంటుంది. తెల్లారేసరికి వైపర్లు లేచి నిలబడి ఉంటే కారు తుడిచినట్టు లెక్క. మనం వైపర్లు చూసి తృప్తి పడతాం. బకెట్టు ఒకటే, కార్లు పది. మొదటి కారుకి నీళ్ళు, అయిదో కారుకి టీ, పదో కారుకి... ఆ పదో కారు ఎవరిదో నేను చెప్పను. మెయింటెనెన్స్ మీటింగులో గొడవలెందుకు.

కొత్తకారు రోజులు గుర్తున్నాయా? సీట్లకి ప్లాస్టిక్ కవర్లు తీయలేదు మీరు. ఎండాకాలంలో వీపు అతుక్కుపోయి చప్పుడొచ్చినా తీయలేదు. ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే గుండె మీద వేసినట్టు ఉలిక్కిపడ్డారు. తర్వాత ఓ రోజు బెంజ్ సర్కిల్లోనో అమీర్‌పేటలోనో ఎవరో బైకువాడు పక్కనించి గీసి వెళ్ళిపోయాడు. మొదటి గీత! ఆ రాత్రి అన్నం సయించలేదు. మర్నాటి నుంచి మీరు మారిపోయారు. "వస్తువు వాడుకోవడానికే గానీ దాచుకోవడానికా" అన్నారు. సీటు మీద మురుకులు తినడానికి పిల్లలకి అనుమతి దొరికింది. కారు అక్కడితో చక్రాలున్న అటక అయిపోయింది.

దసరా రాకపోతే ఈ అటకలకి దిక్కెవరు? ఏడాదంతా నీటిచుక్క ఎరగని బండి కూడా ఆయుధపూజకి తలంటు పోసుకుంటుంది. ముందురోజు వాటర్ సర్వీసింగ్ దగ్గర వరస చూడండి, అక్కడ రేషన్ షాపు రోజులు గుర్తొస్తాయి. ఆర్టీసీ డిపోల్లో బస్సులు సైతం మామిడాకులు కట్టుకుంటాయి. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు, ముందు బూడిద గుమ్మడికాయ. కొత్తబండి అయితే తుని దగ్గర లోవ తలుపులమ్మ తల్లి దగ్గరికో, కొండగట్టు అంజన్న దగ్గరికో ప్రయాణం. గోదావరి జిల్లాల్లో ఆ తల్లి పేరు లేని లారీ కనబడితే నాకు చెప్పండి. అంతా బావుంది గానీ, బానెట్టు మీద వేసిన పసుపు కుంకుమ ఉందే, అది బద్ధకస్తుడి పాలిటి వరం. "కడగవేంటయ్యా?" అంటే "దేవుడి బొట్టు తుడుస్తామా?" అంటాడు. మళ్ళీ దసరా దాకా నోరెత్తడానికి లేదు.

కడక్కపోవడంలో అందరినీ మించినావిడ అహ్మదాబాదులో ఉంది. 2019 ఎండల్లో కారు చల్లగా ఉండాలని ఒంటినిండా ఆవుపేడ అలికింది. ఆ ఫొటోలు ఊరూరా తిరిగాయి. ముగ్గొక్కటే తక్కువ. అదే ఏడాది దుబాయిలో, వీధుల్లో కారు మురికిగా వదిలేసి వెళ్తే 500 దిర్హాములు జరిమానా అన్నారు. సెలవులకి ఊరెళ్ళే ముందు మనవాళ్ళు కారు కడిగే మనిషికి డబ్బు కట్టి వెళ్ళేది అందుకే. ఒక్కోసారి ఆ కడిగే మనిషీ మన జగిత్యాలవాడో కడపవాడో అయి ఉంటాడు. ఇక 2024 మార్చిలో బెంగళూరు జలమండలి ఏమంది? మంచినీళ్ళతో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అంది. ఒకచోట కడగనందుకు, ఇంకోచోట కడిగినందుకు. మధ్యలో మనం.

అన్నీ విన్నారు గదా, మరి నీ ఓటెవరికి అంటారా? అతిశుభ్రం కార్లెక్కాలంటే నాకు భయమండీ. మా బాబాయి కారు ఎక్కే ముందు చెప్పులు బయటే దులపాలి, అద్దానికి తల ఆనించకూడదు, దగ్గొస్తే మింగేయాలి. తెనాలి నుంచి గుంటూరు వెళ్ళేసరికి నడుం పట్టేస్తుంది. బయట శుభ్రంగా, లోపల కాస్త సందడిగా ఉన్న కారయితే హాయి. ఆకలేస్తే డ్యాష్‌బోర్డు అరలో వేరుశనగ చిక్కీ దొరకాలి. సీటు సందులో చిల్లర దొరకాలి.

పాతకాలపు సరుకు దొరికేదీ అలాంటి కార్లలోనే. అద్దానికి వేలాడే 2020 నాటి మాస్కు చూశాను, ఎండిపోయిన శానిటైజరు సీసా చూశాను. టోల్ రసీదులైతే మరీ అపురూపం. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి చేశాక ఆ కాయితం ముక్కలు చేతికి రావడం దాదాపు ఆగిపోయింది కదా. నాలుగో అంతస్తు ఆయన కారులో అవి కట్టగా దొరికాయి, నార్కట్‌పల్లి నుంచి చిలకలూరిపేట దాకా. మీ సీటు కింద కూడా చెయ్యి పెట్టి చూడండి. ఏం దొరికిందో నాకూ చెప్పండి. అరిసెల డబ్బా దొరికితే మాత్రం నాకు చెప్పి లాభం లేదు, తోమి అత్తగారికి పంపించేయండి.