ఊపిరికి కాపు

"మత్తు డాక్టరంటే సూది పొడిచి నిద్రపుచ్చడమేగా!" అని నవ్వే మిత్రులు మన అసోసియేషన్‌లో చాలామందే ఉన్నారు. నిద్రపుచ్చడం నిజానికి సులువే. నిద్రపోయినవాడి ఊపిరి మన చేతికి వస్తుంది. దాన్ని భద్రంగా తిరిగి అప్పగించడమే మా ఉద్యోగం.

ఛాతీ ఆపరేషన్లలో ఇది మరీ చిక్కు. సర్జన్ కోయవలసిన ఊపిరితిత్తి కదలకుండా ముడుచుకుని ఉండాలి. రెండోది ఒక్కటే మనిషిని నిలబెట్టాలి. ఇలా ఒక్కోవైపుకు విడిగా గాలి పంపే రెండు నాళాల గొట్టాన్ని 1949లో స్వీడన్ డాక్టర్ కార్లెన్స్ పరిచయం చేశాడు. దాని మెరుగైన రూపాలనే నేటికీ వాడుతున్నాం.

2005లో నేను రాయలసీమలో పీజీ చేస్తుండగా ఆరేళ్ల పిల్లవాడొకడు వచ్చాడు. గొర్రెల కాపరుల బిడ్డ. కుడి ఊపిరితిత్తిలో కమలాపండంత నీటిసంచి. హైడాటిడ్ సిస్ట్ అంటాం. కుక్క పేగుల్లోని బద్దెపురుగు గుడ్లు మనిషి కడుపులోకి పోతే వచ్చే జబ్బు. ఆపరేషన్‌లో అది పగిలితే నీరు మంచి ఊపిరితిత్తిలోకి పారుతుంది. అంత చిన్నవాడికి సరిపడే రెండు నాళాల గొట్టం మా దగ్గర లేదు. లోపలికి చూసే సన్నటి స్కోపూ లేదు.

వాళ్ళవ్వ మా మేడమ్ చేయి పట్టుకుంది. "ఒక్కపక్క ఊపిరితో పిల్లోడు బతుకుతాడా తల్లీ?"

"రెండు గంటలే అవ్వా. ఆ పక్కది కాపు కాస్తుంది," అన్నారు మేడమ్.

మామూలు గొట్టాన్నే తీసుకున్నారు. ఊరికే తోస్తే అది కుడివైపుకే పోతుంది. ఆ శ్వాసనాళం వెడల్పు, నిటారు. మాకు కావలసింది ఎడమ. పిల్లవాడి తల కుడికి తిప్పి, గొట్టాన్ని సగం చుట్టు తిప్పి, మెల్లగా దించారు. నన్ను స్టెతస్కోప్‌తో రెండువైపులా వినమన్నారు. కుడివైపు చప్పుడు ఆగింది, ఎడమవైపు వినిపిస్తూనే ఉంది. "అక్కడే ప్లాస్టర్ వెయ్," అన్నారు. పిల్లవాణ్ణి పక్కకు తిప్పాక మళ్ళీ వినమన్నారు.

నీటిసంచి తీసేశాక గొట్టాన్ని కాస్త పైకి లాగి గాలి పంపితే, ముడుచుకున్న ఊపిరితిత్తి గులాబీరంగుతో ఉబ్బి లేచింది. కొన్నాళ్ళకు వాడు అవ్వ వేలు పట్టుకుని నడిచి ఇంటికి వెళ్ళాడు.

అమెరికా వచ్చిన కొత్తలో దీన్ని పేదదేశపు ఉపాయమనుకుని ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు. పాత పుస్తకాలు తిరగేస్తే తెలిసింది, 1930లలో ఈ దేశంలోనే విస్కాన్సిన్‌లో గేల్, వాటర్స్ అనే డాక్టర్లు ఒకవైపు శ్వాసనాళంలోకి గొట్టం దించి ఆపరేషన్లు చేయించారని! లేమి ఏ దేశంలో ఉన్నా మనిషి బుర్ర ఒకేలా పనిచేస్తుంది కాబోలు.

ఇప్పుడు నా చుట్టూ స్కోపులు, కెమెరాలు. వాటిని తక్కువ చెయ్యను, రోజూ వాడతాను. కాని నా దగ్గర నేర్చుకునేవాళ్ళను తెరకేసి చూసేముందు స్టెతస్కోప్ పెట్టి వినమంటాను. స్కోపు అద్దానికి రక్తం అడ్డుపడిన రోజున మాకు దిక్కు ఆ చెవులే.