మూడు స్టేషన్ల మధ్య వసంతం

వసంతం వచ్చిందని కోయిల చెబుతుందంటారు కవులు. మన ఇళ్లలో మాత్రం ఆ కబురు వేపపువ్వే చెబుతుంది. ఉగాది ముందురోజు సాయంత్రం వేపపువ్వు కోసం వెతుక్కోని ఇల్లాలు ఉంటుందా చెప్పండి! ఒకప్పుడు చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ వీధుల్లో ఇంటి ముందు వేపచెట్టు, వెనక బావి, బావి గట్టున కరివేపాకు, జామ... ఇవన్నీ మామూలు విషయాలు. ఇప్పుడు ఆ ఇళ్లలో చాలావరకు అపార్ట్‌మెంట్లయ్యాయి, హాస్టళ్లయ్యాయి. వేపపువ్వు గుప్పెడు పొట్లం కట్టి బజార్లో అమ్ముతున్నారు. మనమూ బేరమాడకుండా కొంటున్నాం!

అలాగని వసంతం మన పేటల్ని వదిలి వెళ్లిపోయిందనుకోకండి. కాస్త వెతుక్కోవాలి, అంతే. వెతకడానికి ఊటీలూ కొడైకెనాల్‌లూ అక్కర్లేదు. 2020 ఫిబ్రవరి 7న జూబ్లీ బస్ స్టేషన్ నుంచి మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దాకా 11 కిలోమీటర్ల మెట్రో దారి మొదలైంది కదా, దాని పేరే గ్రీన్ లైన్. అందులో చిక్కడపల్లి, నారాయణగూడ, సుల్తాన్ బజార్ వరసగా వచ్చే మూడు స్టేషన్లు. పిల్లల స్కూలు బస్సు కదలగానే బయల్దేరితే, ఈ మూడూ చూసుకుని మధ్యాహ్నం వంటవేళకి ఇల్లు చేరుకోవచ్చు. తోడుగా పక్కింటి వదినగారిని కూడా లాక్కుపోండి. ఎండ ముదిరేలోగా తిరగాలి కనుక ఫిబ్రవరి, మార్చి నెలలు దీనికి మంచివి.

మొదటి మజిలీ చిక్కడపల్లి

స్టేషన్ దిగి అశోక్‌నగర్ వైపు నడిస్తే పుస్తకాల సంచులు భుజాన వేసుకున్న అమ్మాయిలూ అబ్బాయిలూ కనిపిస్తారు. ఉద్యోగ పరీక్షలకి చదువుకోడానికి జిల్లాల నుంచి వచ్చినవాళ్లు. ఇక్కడి సిటీ సెంట్రల్ లైబ్రరీయే వాళ్లకి రెండో ఇల్లు. హాస్టల్ కిటికీల్లో నీళ్లసీసాలో పెట్టిన మనీప్లాంట్ తీగ కనిపిస్తే ఓసారి ఆగి చూడండి. ఊళ్లో పెరడు వదిలి వచ్చిన పిల్ల, ఆ సీసాలోనే పెరడు చూసుకుంటోందన్నమాట!

అక్కణ్ణించి ఆటో ఎక్కితే కాసేపట్లో ఇందిరా పార్కు. 1975లో శంకుస్థాపన జరిగింది, 1978లో జనానికి తెరిచారు. 76 ఎకరాల తోట. పెద్ద పెద్ద బండరాళ్లు, నీడనిచ్చే చెట్లు, గంధపు చెట్లు కూడా ఉన్నాయి. ఉదయం నడకకి వచ్చే ఆడవాళ్లు ఇక్కడ చాలామందే ఉంటారు. ఈ రోజుల్లో నగరంలో ఎక్కడికెళ్లినా చెట్లని తలెత్తి చూడండి. మామిడి పూత రాలి పిందెలు కడుతుంటాయి. కానుగచెట్టు పాత ఆకు దులుపుకుని లేత పచ్చగా నిగనిగలాడుతుంటుంది. రావిచిగురు రాగిరంగులో మెరుస్తుంటుంది. పిల్లలకి ఈ చెట్ల పేర్లు చెప్పగలిగితే అంతకంటే మంచి పాఠం ఏముంటుంది?

నారాయణగూడలో కాసేపు

మళ్లీ రైలెక్కి కిటికీ పక్కన కూచోండి. రైలు మేడల ఎత్తున పోతుంటే కింద డాబాలన్నీ తెరిచిన పుస్తకాల్లా కనిపిస్తాయి. ఒక డాబా మీద వడియాలు, ఇంకో డాబా మీద సింటెక్స్ ట్యాంకు చుట్టూ తులసి, మందారం, కాగితంపూలు. పాత బకెట్లలో పెరుగుతున్న టమాటాలు. ఏ ఇల్లాలు ఎంత శ్రద్ధగా పెంచుకుంటోందో పైనుంచి తెలిసిపోతుంది!

నారాయణగూడ అనగానే మన అమ్మమ్మల తరానికి గుర్తొచ్చేది మాడపాటి హనుమంతరావుగారి బాలికల పాఠశాల. 1928లో మొదలైన ఆ బడి, ఆడపిల్లలు తెలుగులో చదువుకునే వీలు కల్పించింది. ఈ పేటలోనే మేల్కోటే పార్కు ఉంది. స్వాతంత్ర్య సమరయోధులు డాక్టర్ జి.ఎస్. మేల్కోటేగారి పేరు మీద పెట్టినది. చిన్నదే అయినా చుట్టూ ఉన్న ఇళ్లవాళ్లకి అదే పెరడు. కాసేపు బెంచీ మీద కూచుని, ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తినండి. తర్వాత కూరగాయల మార్కెట్లో ఒక్క చుట్టు. ఉగాది దగ్గరపడిందంటే కొత్త చింతపండు, కొత్త బెల్లం, పచ్చి మామిడికాయలు కనువిందు చేస్తాయి. పుదీనా కట్ట కొన్నప్పుడు ముదురు కాడలు నాలుగు పక్కన పెట్టండి. ఎందుకో తర్వాత చెబుతాను.

సుల్తాన్ బజార్ తోట

సుల్తాన్ బజార్ అంటే మనకి చీరలు, జాకెట్ బట్టలు, గాజులు, లేసులు. బడీచౌడీలో కూరగాయలు. మూడు అడుగులు వేయాలంటే ముప్ఫైమందిని తప్పించుకోవాలి. ఇక్కడ తోటేమిటి అనుకుంటున్నారా? ఉంది మరి!

ఈ పేటకి మొదట రెసిడెన్సీ బజార్ అని పేరు. హైదరాబాద్‌లో ఉండే బ్రిటిష్ రెసిడెంటుగారి భవనం చుట్టూ పెరిగిన బజారు ఇది. 1933లో తిరిగి నిజాం ఏలుబడిలోకి వచ్చాక సుల్తాన్ బజార్ అయింది. ఆ భవనమే మనం కోఠీ ఉమెన్స్ కాలేజీ అని పిలుచుకునేది. 1803లో రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ దాన్ని కట్టించడం మొదలుపెట్టాడు. ఆయనకి తోటలంటే మహా ఇష్టం. హైదరాబాదు పెద్దింటి అమ్మాయి ఖైరున్నీసాని పెళ్లాడి, ఆవిడ కోసం ఆ ఆవరణలో రంగమహల్ అనే జెనానా కట్టించాడు. పరదా పాటించే ఆవిడ పెద్ద భవనం ముందుభాగం చూసే వీలులేక, చూపించడానికి తోటలో చిన్న నమూనా కట్టించాడని చెప్పుకుంటారు. బొమ్మరిల్లులాంటి ఆ నమూనా ఆ ఆవరణలోనే ఉంది.

ఆవిడ కథ మాత్రం మనసు కలుక్కుమనిపిస్తుంది. 1805లో పిల్లలిద్దర్నీ ఇంగ్లండు పంపేశారు. అదే ఏడు భర్త కలకత్తాలో చనిపోయాడు. పిల్లల్ని మళ్లీ చూడకుండానే 1813లో ఆవిడా కన్నుమూసింది. రంగమహల్‌ని తర్వాతి కాలంలో కూల్చేశారు.

కానీ కాలం చిత్రమైనది సుమా! 1924లో మొదలైన మహిళా కళాశాల 1949లో ఈ భవనానికి వచ్చింది. 2022లో మహిళా విశ్వవిద్యాలయం అయింది. ఇప్పుడు వీరనారి చాకలి ఐలమ్మ పేరుతో నడుస్తోంది. ఒకనాడు ఇంటావిడే బయటికి రాకూడని ఆ తోటలో, ఈనాడు వందలమంది అమ్మాయిలు చెట్ల కింద కూచుని చదువుకుంటున్నారు. ఇది చదువుల ఆవరణ కనుక గేటు దగ్గర అనుమతి అడిగి లోపలికి వెళ్లండి. రాతిమెట్లకి అటూ ఇటూ ఉన్న సింహాల దగ్గర నిలబడి ఆ ఎత్తైన స్తంభాల్ని చూస్తుంటే, గంటా రెండు గంటలు బయటికి రావడానికి మనం ఇంత ఆలోచిస్తాం ఎందుకా అనిపిస్తుంది. ఏమంటారు?

వసంతాన్ని ఇంటికి తెచ్చుకుందాం

చూసింది చాలు, ఇక చేతులకి కాస్త మట్టి అంటనివ్వండి. బాల్కనీలో రోజుకి మూడు నాలుగు గంటల ఎండ పడితే చాలు. ఎర్రమట్టి రెండు వంతులు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక వంతు, కొబ్బరిపొట్టు ఒక వంతు, గుప్పెడు వేపపిండి కలిపి కుండీలు నింపుకోండి.

ఇందాక పక్కన పెట్టమన్న పుదీనా కాడల్ని కింది ఆకులు తుంచి నీళ్లలో ఉంచితే వారం పదిరోజుల్లో వేళ్లు వేస్తాయి. అప్పుడు కుండీలో నాటి నీడపట్టున ఉంచండి. తోటకూర గింజలు చల్లితే నెలరోజుల్లోపే కూరకి వస్తుంది. గోంగూర, బచ్చలి ఎండాకాలం బాగా తట్టుకుంటాయి. బెండకి కాస్త లోతు కుండీ కావాలి, నెలన్నర దాటాక కాయలు కోసుకోవచ్చు. కొత్తిమీర ఎండలకి త్వరగా పూతకొచ్చేస్తుంది, దాన్ని చలికాలానికి ఉంచుకోండి.

మల్లె ఉన్నవాళ్లు డిసెంబరు, జనవరి నెలల్లో కొమ్మలు కత్తిరించి, ఎరువు వేసి, నీళ్లు పెంచితే మార్చికల్లా మొగ్గలు వేస్తుంది. మందారానికి తెల్లపురుగు పడితే లీటరు నీళ్లలో అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట చల్లండి. బియ్యం కడిగిన నీళ్లు పారబోయకండి, మొక్కలకి పోయండి. కుండీల కింద పళ్లాల్లో మాత్రం నీళ్లు నిలవనివ్వద్దు, దోమలు చేరతాయి.

మొక్కల పేరంటం

దూరదేశంలో ఒక మంచి అలవాటు ఉంది. ఇంగ్లండు, వేల్స్ పల్లెల్లో వసంతం రాగానే కొందరు తమ ఇంటి తోటల తలుపులు తెరిచి, చిన్న టికెట్టు పెట్టి అందరికీ చూపిస్తారు. ఇళ్లకి వెళ్లి సేవచేసే నర్సుల సహాయార్థం 1927లో మొదలైంది ఇది. మొదటి ఏడాదే 609 తోటలు తెరిచారట, టికెట్టు ఒక షిల్లింగు!

మనకి టికెట్లెందుకండీ, పేరంటం ఉంది కదా. ఈ ఉగాది వారంలో మీ అపార్ట్‌మెంట్ ఆడవాళ్లందర్నీ మీ డాబా మీదికి పిలవండి. పసుపు, కుంకుమ, పూలు, పళ్లతోపాటు జాకెట్ ముక్కకి బదులు ఒక తులసి మొక్కో, వేళ్లు వేసిన పుదీనాయో చేతిలో పెట్టండి. వచ్చేవారం వాళ్లింటికి మీరు వెళ్లండి. అయిదారిళ్లు తిరిగేసరికి ఇరుగుపొరుగు కూడా చిగురిస్తుంది.

ఇంకొక్క మాట, వేపచెట్టు గురించి. 2021లో తెలంగాణ అంతటా వేపచెట్ల కొమ్మలు మాడిపోయినట్టు ఎండిపోయాయి. ఫోమాప్సిస్ అనే బూజుజాతి తెగులు సోకిందని శాస్త్రవేత్తలు తేల్చారు. అందరం హడలిపోయాం. అయినా చాలా చెట్లు మళ్లీ చిగురించాయి. వేప అంత మొండిది! అది కుండీలో ఇమిడేది కాదు, దానికి నేల కావాలి. ఈ ఉగాదికి పచ్చడిలోకి పువ్వు ఏ చెట్టుదో గుర్తుపెట్టుకోండి. ఎండలు తగ్గే వేళకి ఆ చెట్టు కిందే పండ్లు రాలతాయి. గింజ తాజాగా ఉన్నప్పుడే కవర్లలో నాటండి, రెండు మూడు వారాలు దాటితే మొలక రావడం కష్టం. మొక్క జానెడయ్యాక కాంపౌండు గోడ పక్కనో, మీ పార్కులో అడిగో పాతిపెట్టండి. నాలుగైదేళ్లు ఓపిక పడితే, ఉగాదికి వేపపువ్వు పొట్లం కొనక్కర్లేదు. వీధిలో అందరికీ మీరే పంచవచ్చు.