నేలకు బట్ట (వాడ ముచ్చట్లు – 17)

మొన్న క్లాసులో 'పశులకాపరి' అన్న మాట రాగానే ఒక పిల్లగాడు కిసుక్కున నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మా నాయిన పదేళ్ల వయసు నుంచి దొర పశువులు కాసిన జీతగాడు.

నాయిన బడికి పోలేదు. కానీ మా ఊరి బంచరాయి, అంటే ఊరుమ్మడి మేత భూమి, ఆయనకు కంఠతా వచ్చు. తొలకరికి నేల పచ్చబడగానే పశువులను తోలేవాడు కాదు. "ఇప్పుడే మేపితే ఏరు సస్తది బిడ్డా, జానెడు ఎదగనియ్యి" అనేవాడు. ఆకు ఉంటేనే వేరుకు తిండి. మొలిచింది మొలిచినట్టే కొరికేస్తే వేరు లోతుకు దిగదు.

తోటి కాపరులతో మాట్లాడుకుని వంతులవారీగా ఒక్కో పక్క మేపేవారు. ఏటా ఒక పక్కను గింజ రాలేదాకా ముట్టేవారు కాదు. మేపే పక్కన కూడా గడ్డి బెత్తెడు మిగిలుండగానే పశువులను మర్లేసేవారు. "ఆ బెత్తెడే నేలకు బట్ట" అనేవాడు నాయిన.

బట్ట ఉన్న నేలలో వాన ఇంకుతుంది. లేని నేలను చినుకే కొడుతుంది. పైమట్టి గట్టిపడి నీళ్లు దిగవు, మట్టిని మోసుకుపోయి చెరువులో పోస్తాయి. ఆ తర్వాత మొలిచేవి పల్లేరు, వయ్యారిభామ.

ఇంత తెలిసిన మనిషి ఇంట్లో పాడి లేదు. బలిసింది దొర మంద.

ఇప్పుడు బంచరాయిలో సగానికి పైగా పెద్దోళ్ల కంచెల్లో ఉంది. మిగిలిన ముక్క మీదే ఊరి పశువులన్నీ పడుతున్నాయి. ఇక నేలకు విరామం ఎక్కడిది? మొన్న గ్రామసభలో ఒకాయన లేచి, "వాడోళ్ల మేకలే గడ్డి నాశనం చేసినయి" అన్నాడు. ఆయన కంచె లోపలున్న బంచరాయి మాట మాత్రం ఎత్తలేదు.

ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. భూమిలేని కూలీలకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రభుత్వం ఇచ్చిన లీజులను మినహాయించవచ్చని కూడా ఆ తీర్పులోనే ఉంది. మనవాళ్లకు నోటీసు పట్టుకొచ్చేవాళ్లను ఆ రెండో మాట కూడా చదవమని అడగండి.

వచ్చే గ్రామసభకు మేం దరఖాస్తు రాశాం. మొదట బంచరాయి సర్వే చేసి కంచెలు తీయాలి. తర్వాత వంతుల మేత పెట్టాలి, మా మేకలకూ వాళ్ల బర్రెలకూ ఒకటే కట్టుబాటు. వంతులు ఎట్లా వేయాలో చెప్పడానికి నాయిన వస్తానన్నాడు. ఈసారి కుర్చీలో కూర్చుని చెబుతాడు.

జై భీమ్.