మా ఇంట్లో 'మెకన్నాస్ గోల్డ్' ఆడిన వైనం

పోయిన వేసవిలో న్యూజెర్సీ నుంచి వచ్చిన మా అక్క సూట్‌కేసులో, చాక్లెట్ల పొట్లాల మధ్య ఒక డీవీడీ బయటపడింది. 'మెకన్నాస్ గోల్డ్'! అట్ట చూడగానే నాన్నగారి ముఖం వెలిగిపోయింది. 1969 నాటి సినిమా. గ్రెగరీ పెక్, ఒమర్ షరీఫ్. కాలేజీ ఎగ్గొట్టి బెజవాడలో ఆ సినిమా నాలుగుసార్లు చూశారట మా నాన్నగారు. నాలుగుసార్లూ పక్క సీట్లో ఒకే మిత్రుడు. ఆ మిత్రుడు మొన్న సంక్రాంతికి ముందు పోయారు. అక్క ఆ డిస్కు వెతికి పట్టుకొచ్చింది అందుకే.

"పెట్టరా, చూద్దాం" అన్నారు. పెట్టాను. మా పాత ప్లేయరు గుర్రుమని తిరిగి, ఈ డిస్కు ఈ రీజియన్‌ది కాదు పొమ్మంది.

"అంటే మన ఏరియాలో ఆడదన్నమాట!" అన్నారు నాన్నగారు. సరిగ్గా అదే సంగతి!

మన సినిమాలను నైజాం, సీడెడ్, ఆంధ్ర అని ఏరియాలుగా అమ్ముతారు కదా. డీవీడీ పుట్టినప్పుడు హాలీవుడ్ పెద్దలు ప్రపంచాన్నే అలా పంచుకున్నారు. అమెరికా, కెనడా ఒకటో నెంబరు. జపాను, యూరప్‌లో చాలా దేశాలు రెండు. మనమూ, రష్యా, ఆఫ్రికాలో చాలా భాగమూ అయిదు. చైనా ఆరు. ఆఖరికి విమానాలకూ ఓడలకూ కూడా ఎనిమిదో నెంబరు ఇచ్చారండీ! ఒక దేశంలో సినిమా హాల్లోకి రాకముందే, ఇంకో దేశపు డిస్కు అక్కడ అమ్ముడుపోకూడదని వాళ్ళ భయం. భయంలో న్యాయం ఉందేమోగాని, 1969 సినిమాకి ఇప్పుడు ఏ హాలువాడు ఏడుస్తాడు చెప్పండి? మన తెలుగు సినిమాల డీవీడీలు చాలావాటికి ఈ తాళమే ఉండేది కాదు. ఆ విషయంలో మనవాళ్ళే నయం.

మా పిన్ని కొడుకు లాప్‌టాప్ పట్టుకొని దూకాడు. రీజియన్ ఒకటికి మార్చాడు, బొమ్మ వచ్చింది. తీరా నాన్నగారు ఆ పూట బ్యాంకుకి వెళ్ళారు. సాయంత్రం వీడు తన ఇంగ్లీషు డిస్కు కోసం మళ్ళీ అయిదుకి మార్చాడు. రాత్రి చూస్తే ఇక మారదు! కంప్యూటరు డ్రైవులో రీజియన్‌ను మొత్తం అయిదుసార్లే మార్చనిస్తారట. అంతకుముందు ఏ సరదాకి ఎన్నిసార్లు మార్చాడో, లెక్క ముగిసిపోయి అయిదు దగ్గరే బిగుసుకుపోయింది. వాణ్ణి ఏమనాలో తెలియలేదు. నాన్నగారు మాత్రం "పోనీలేరా" అన్నారు. ఆ మాట విన్నాకే అన్ని రీజియన్లూ ఆడే ప్లేయరు కొనాలని నిశ్చయించుకున్నాను.

ఇప్పుడు అవి అమ్మే దుకాణాలే తక్కువ. ఒకచోట 2,800 రూపాయలకి ఒకటి దొరికింది. పెట్టె మీద 'అన్ని రీజియన్లూ' అని పెద్ద అక్షరాలు. పెట్టె మీది మాట నమ్మకుండా మా డిస్కు జేబులో వేసుకువెళ్ళాను. మంచిదైంది. పెడితే మళ్ళీ అదే పాట, రీజియన్ తప్పు! దుకాణం కుర్రాడు నవ్వి, ట్రే తెరిచి రిమోటు మీద ఏవో నాలుగు అంకెలు నొక్కాడు. విఠలాచార్య సినిమాలో గుహ తలుపు తెరుచుకున్నట్టు దాచిన మెనూ ఒకటి తెర మీదికి వచ్చింది. అందులో అయిదు తీసి సున్నా పెట్టాడు. అంతే, తాళం ఊడింది! ఆ నాలుగంకెలు బిల్లు వెనక రాయించుకున్నాను.

డిస్కు తిరిగింది. కాని అక్కడున్న పాత డబ్బా టీవీలో బొమ్మ నలుపూ తెలుపూ అయి, పైకి దొర్లిపోతోంది. ఇది ఇంకో చిక్కు సుమండీ, రీజియన్‌కీ దీనికీ సంబంధం లేదు. అమెరికా డిస్కులు ఎన్‌టీఎస్‌సీ, మనది పాల్. అక్కడ సెకనుకి ముప్ఫై బొమ్మలు, ఇక్కడ ఇరవై అయిదు. రీజియన్ తాళం తీసినంత మాత్రాన ఈ తేడా పోదు. ప్లేయరు మెనూలో టీవీ రకం 'పాల్' నుంచి 'మల్టీ'కి మార్చి, పక్కనున్న ఎల్‌ఈడీ టీవీకి తగిలిస్తే రంగులు నిలబడ్డాయి. అన్నట్టు, పాల్ డిస్కుల్లో ఒక దొంగతనం ఉంది. సెకనుకి ఇరవై నాలుగు బొమ్మలతో తీసిన సినిమాని ఇరవై అయిదుతో తిప్పేస్తారు. 128 నిమిషాల సినిమా సుమారు 123లో అయిపోతుంది, గొంతులు కూడా కాస్త సన్నబడతాయి. అక్క తెచ్చిన డిస్కు ఆ విధంగా మనకి లాభమే!

మిగతా గుణగణాలు చెప్పాలంటే, రిమోటు పిల్లల ఆటబొమ్మలా తేలిక. బొమ్మని 1080 గీతలకి పెంచుతానంటుంది. డిస్కులో ఉన్నవే 480 గీతలైతే కొత్తవి ఎక్కణ్ణుంచి వస్తాయి? కాస్త నున్నబడుతుంది, అంతే. గీతలు పడ్డ డిస్కుల్ని మాత్రం మా పాతదానికంటే బాగా చదివింది. బ్లూరే డిస్కులు ఇందులో ఆడవు, ఆ కిరణం వేరు, ఆ ఏరియాలూ వేరు. డీవీడీలు బీరువాలో మూలుగుతున్నవాళ్ళు నిక్షేపంలా కొనుక్కోవచ్చు. డిస్కులు లేనివాళ్ళకి దండగ. అదే డబ్బు టిక్కెట్లకి పెట్టుకోండి!

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆట మొదలు. తెర మీద రాబందు ఎగురుతోంది. నాన్నగారు ప్రతి సీనూ ముందే చెప్పేస్తున్నారు. మామూలుగా అయితే విసుక్కునేవాణ్ణి. ఆ రోజు విసుగు రాలేదు. తెల్లవారుతుంటే ఆ రాతి స్తంభం నీడ సాగుతూ సాగుతూ కొండ వైపు వెళ్ళే ఘట్టం వచ్చేసరికి మాత్రం మాటలు ఆపేశారు. సోఫాలో కాస్త పక్కకి జరిగి కూర్చున్నారు, ఇంకొకరికి చోటిచ్చినట్టు. నేను అక్కడ కూర్చోలేదు.

సినిమా అయ్యాక కళ్ళజోడు తుడుచుకుంటూ అన్నారు, "వాడు ఇక్కడ ఈల వేసేవాడురా. రెండో ఆట ఎన్నింటికి?"