పాదరసం పుట్టిన వూరు

కాలేజీలో పాఠం చెప్పేటప్పుడు ఎప్పుడో ఒకప్పుడు ‘ఇంగిలీకం’ అనే మాట తగులుతూనే వుంటుంది. ‘ఎర్రని రంగురాయి’ అని అర్థం చెప్పేసి ముందుకు సాగిపోవడం నా అలవాటు. ఆ రాయిని కాలిస్తే పాదరసం వస్తుందని తెలుసు. కాని దాన్ని తవ్వినవాళ్ళెవరో, ఎట్లా బతికారో ఏనాడూ ఆలోచించిన పాపాన పోలేదు. ఆ లోటు కాస్తా యూరపులోని స్లోవేనియా దేశంలో, ఇద్రియా అనే చిన్న వూళ్ళో తీరింది.

మా తమ్ముడు ఉద్యోగరీత్యా ఆ దేశ రాజధాని లుబ్లియానాలో వుంటున్నాడు. సెలవులకు వెళ్ళిన నన్ను, ‘‘అన్నయ్యా, కోటలూ చర్చీలూ చూసింది చాలు. పాదరసం గని చూపిస్తాను, పద’’ అని బయలుదేరదీశాడు. బస్సు కొండలెక్కి దిగి, పచ్చని లోయలో ఏటి పక్కన ఆగింది. అక్కడి పాత యిళ్ళు వింతగా వున్నవి. సన్నగా, నిటారుగా లేచి, మీద చెక్క పెంకులు కప్పుకున్నవి. గనివాళ్ళ యిళ్ళట. ఒక్కొక్క కొంపలో కొన్ని కుటుంబాలు సర్దుకుని వుండేవట.

ఈ వూరి పుట్టుకకు ఒక కథ వుంది. 1490లో తొట్లు చేసుకునే వాడొకడు, కొత్త తొట్టిని నానవేయడానికి సెలయేటిలో పెట్టాడట. తీయబోతే అడుగున వెండిలా మెరిసేదేదో చేరి, తొట్టి కదలనంత బరువెక్కింది! ఆశ్చర్యమేమీ లేదు, పాదరసం నీటికన్న పదమూడున్నర రెట్లు బరువు, ఇనుప గుండు వేసినా తేలుతుంది. 1508 జూన్ 22న అసలైన ఖనిజపు పొర బయటపడింది. అది మొదలు దాదాపు అయిదు వందల ఏళ్ళు తవ్వి, భూమిలో సుమారు 700 కిలోమీటర్ల సొరంగాలు తొలిచారు. లక్ష టన్నులకు పైగా పాదరసం తీశారు. లోకంలో ఇంతవరకు తీసిన పాదరసంలో ఇది నూటికి పదమూడు పాళ్ళు. స్పెయిన్‌లోని అల్మదేన్ తరువాత స్థానం దీనిదే. వెండిని రాతిలోంచి విడదీయడానికీ, అద్దాలకూ, మందులకూ, థర్మామీటర్లకూ ఈ సరుకంతా దేశదేశాలకు పోయింది.

1500లో తవ్విన అంతోని సొరంగంలోకి ఇప్పుడు యాత్రికులను తీసుకుపోతున్నారు. తలకు టోపీ, ఒంటికి ముతక కోటు తగిలించుకుని దిగాము. లోపల చిన్న ప్రార్థనామందిరం వుంది. పనిలోకి దిగేముందు గనివాళ్ళు అక్కడ మొక్కుకునేవారు. మరికొంత దూరం పోయాక మాకు దారి చూపే ముసలాయన దీపం గోడకు చేర్చి పట్టుకున్నాడు. నల్లరాతి మీద సన్నని చెమట బిందువుల్లా పాదరసం! చిన్నప్పుడు పగిలిన థర్మామీటరులోని పాదరసాన్ని అరచేతిలో దొర్లించి ఆడుకున్నవాణ్ణి కదా, చెయ్యి వూరుకోలేదు. ఆయన నా మణికట్టు పట్టుకుని ఆపాడు.

తానూ పడుచుతనంలో ఈ గనిలోనే పనిచేశాడట. తమ్ముడు ఆయన మాటలను నాకు తెలుగులో చెబుతూ వచ్చాడు. ‘‘మా నాన్న చేతులు వణికేవి. కప్పును రెండు చేతులతో పట్టుకున్నా కాఫీ ఒళ్ళో ఒలికేది. అందుకే మా అమ్మ ఆయనకు ఏనాడూ కప్పు నిండా పోయలేదు.’’

పాదరసపు ఆవిరి పీల్చినవాళ్ళకు వణుకు పుడుతుంది, నోట చొంగ కారుతుంది, పళ్ళు వదులై రాలిపోతాయి, నిద్ర పట్టదు, మనసు దిగులు పడుతుంది. ఖనిజాన్ని కాల్చే కొలిమిల దగ్గర వాళ్ళకూ ఇదే గతి. 1754లో ఇక్కడికి గని వైద్యుడుగా వచ్చిన స్కోపోలి అనే ఆయన పదిహేనేళ్ళు వుండి, ఈ రోగలక్షణాలను గమనించి 1761లో పుస్తకం వేశాడు. అంతమాత్రాన గని ఆగిందా? పొయ్యి మీద ఎసరు ఆగదు కదా!

ఆ ఎసరులో ఆడవాళ్ళ పాలు కూడా వుంది. గనివాళ్ళ భార్యలూ కూతుళ్ళూ గుండ్రని దిండు మీద చెక్క కండెలు అటూ ఇటూ వేస్తూ లేసు అల్లేవారు. 1876లో పెట్టిన లేసు బడి నేటికీ నడుస్తున్నది. ఒక దుకాణంలో అల్లుతున్న పెద్దావిడ వేళ్ళు చూస్తే, మా నరసాపురం వైపు అరుగుల మీద కూర్చుని లేసు అల్లే ఆడవాళ్ళు గుర్తుకు వచ్చారు. మనవాళ్ళది క్రోషియా సూది, వీళ్ళది కండెలు, అంతే తేడా. ఒకే యింట్లో మగవాడి చేతులు వణుకుతుంటే, పక్కనే ఆడదాని వేళ్ళు తొణక్కుండా దారం నడిపేవన్న మాట! ఒక చిన్న లేసు ముక్క కొన్నాను. బేరమాడడానికి నోరు రాలేదు.

ఇరవయ్యో శతాబ్దం చివర గని మూతపడింది. 2012లో అల్మదేన్‌తో కలిపి యునెస్కోవారు దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించారు. పాదరసం వాడకాన్ని తగ్గించాలని 2013లో దేశాలు చేసుకున్న ఒడంబడిక 2017లో అమలులోకి వచ్చింది. దానికి మినమాటా పేరు పెట్టారు. పాదరసం కలిసిన చేపలు తిని జనం అవిటివాళ్ళైన జపాను పట్నం అది.

బయటికి వచ్చాక ముసలాయన ‘‘స్రెచ్నో’’ అన్నాడు. గనిలోకి దిగేవాళ్ళను ఇక్కడ అట్లా సాగనంపుతారట. ‘అదృష్టం వెంట వుండుగాక’ అని దాని భావం. మన యిళ్ళల్లో గడప దాటుతూ ‘పోతున్నాను’ అంటే పెద్దవాళ్ళు కసురుతారు, ‘వెళ్ళొస్తాను’ అనాలి. అయిదు వందల ఏళ్ళపాటు ఈ వూరి గడపల్లో ఎంతమంది ఆడవాళ్ళు ఆ ఒక్క మాట అని, దీపం పెట్టుకుని ఎదురు చూశారో!

ఈ యేడు క్లాసులో ఇంగిలీకం వస్తే, అర్థం చెప్పి వూరుకోను. సగమే నింపిన ఆ కాఫీ కప్పు సంగతి కూడా చెబుతాను.