తెలిసిన మాట, పలకని నాలుక

ఎవరి పేరైనా గుర్తుకు రాకపోతే "నాలుక చివరనే ఉంది" అంటాం. నిజానికి అక్కడ నాలుక తప్పేమీ లేదు, తడబడింది జ్ఞాపకం. ఇందుకు పూర్తిగా విరుద్ధమైన స్థితి ఒకటుంది. మాట మనసులో స్పష్టంగా ఉంటుంది, నాలుకలో బలమూ ఉంటుంది. ఏ కదలిక తర్వాత ఏ కదలిక అని మెదడు వేయవలసిన పథకం మాత్రం కుదరదు. దీనినే అప్రాక్సియా ఆఫ్ స్పీచ్ అంటారు. 1960ల చివర మేయో క్లినిక్‌కు చెందిన ఫ్రెడరిక్ డార్లీ దీన్ని ప్రత్యేకమైన సమస్యగా గుర్తించి వివరించాడు.

మా పెదనాన్నగారు తెలుగు పండితులు. పక్షవాతం నుంచి తేరుకున్నాక "నీళ్ళు" అనబోయి ఒకసారి "దీళ్ళు", మరోసారి "నీడు" అనేవారు. తప్పు పలికానని ఆయనకు వెంటనే తెలిసేది. విసుగ్గా తల అడ్డంగా ఊపేవారు. ఎడమచేత్తో పలక మీద అదే మాటను తప్పులేకుండా రాసి చూపేవారు. అయినా చూడవచ్చినవాళ్ళు "మతి పోయింది పాపం" అని ఆయన ఎదుటే అనుకున్నారు. అన్నీ వింటూ, అర్థమవుతూ, బదులు చెప్పలేకపోవడం ఎంత నరకమో ఆయన కళ్ళలో చూశాను. విచిత్రమేమిటంటే, ఒకటి నుంచి పది దాకా అంకెలూ, కంఠస్థమైన పద్యాలూ సాఫీగానే సాగేవి. అలవాటుగా దొర్లే మాటకూ, పూనుకుని అనే మాటకూ మధ్య ఇలాంటి తేడా ఈ సమస్యలో తరచు కనిపిస్తుంది. చాలామందికి దీనితోపాటు మాటలే అందకుండా పోయే అఫేసియా కూడా ఉంటుంది. ఆయనకు అది రాలేదు.

మన వర్ణమాల క-చ-ట-త-ప అంటూ కంఠం నుంచి పెదవుల దాకా నడుస్తుంది. పరీక్షించేవారు రోగిని వేగంగా "ప-త-క, ప-త-క" అనమంటారు. "ప-ప-ప" అనగలిగినవారు కూడా పెదవుల నుంచి దంతాలకు, అక్కడి నుంచి కంఠానికి మారవలసి వచ్చేసరికి చిక్కుపడతారు.

పిల్లల్లో ఇది మాటలు నేర్చే వయసులోనే బయటపడుతుంది. ఒకే మాటను పలికిన ప్రతిసారీ వేరుగా పలకడం, ఒక ధ్వని నుంచి మరో ధ్వనికి సాగలేకపోవడం, మాట తీరులో ఊనిక తప్పడం దీని గుర్తులు. చాలామందిలో కారణం తెలియదు. లండన్‌లో ఒక కుటుంబంలో మూడు తరాలుగా దాదాపు సగం మందికి ఈ ఇబ్బంది ఉండగా, ఫాక్స్‌పి2 అనే జన్యువులోని మార్పే కారణమని 2001లో తేలింది. కనుక ఇది బద్ధకమూ కాదు, పెంపకంలో లోపమూ కాదు. వస అరగదీసి నాకిస్తే తగ్గేదీ కాదు. "వాళ్ళ నాన్నకూ ఆలస్యంగానే మాటలొచ్చాయి" అనుకుంటూ కూర్చుంటే విలువైన కాలం పోతుంది.

చికిత్స ఉంది. స్పీచ్ థెరపిస్ట్ ముఖాన్ని చూస్తూ, వారితో కలిసి నెమ్మదిగా అంటూ, కొద్ది మాటలనే వందలసార్లు అభ్యసించాలి. వారానికొకసారి కాక, తరచుగా. ఈలోగా సైగలూ బొమ్మలూ వాడితే మాట వెనకబడుతుందన్న భయం అక్కరలేదు.

మీ ఎరుకలో అటువంటి పిల్లలో పెద్దలో ఉంటే దయచేసి ఈ సంగతి వారి ఇంట్లో చెప్పండి. వారు మాట కోసం పెనుగులాడుతున్నప్పుడు మనం అందించేయకుండా, కాసేపు ఓపిక పడదాం.