నలభై నిమిషాల దవా

ఆపా ఫజర్‌కి లేవడం మానేసినప్పుడే మాకు సమఝ్ కావాల్సింది. ఇల్లంతటినీ నమాజ్‌కి లేపే మనిషి, గోడ వైపు తిరిగి పడుకునేది. నజర్ తగిలిందని అమ్మీ ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. దుల్హాభాయి తావీజ్ కట్టించాడు. మరి పేపర్లో పనిచేసే నేనేం చేశాను? "సబర్ చెయ్ ఆపా, అల్లా మీద భరోసా పెట్టు" అన్నాను. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆమె సబర్ చేస్తూనే ఉంది. మాకే కనపడలేదు.

చాలా ఆలస్యంగా సైకియాట్రిస్ట్ దగ్గరికి పోయాం. ఒక గోలీ, డోసు పెంచారు. రెండోది. మూడోది. నెలలు గడిచాయి, ఫాయిదా లేదు. సరైన డోసులో, సరిపడా రోజులు, కనీసం రెండు రకాల మందులు వాడినా గుణం రాకపోతే దాన్ని మందులకు లొంగని డిప్రెషన్ అంటారట. "తప్పు ఆమెది కాదు, ఆమె ఈమాన్‌ది అంతకన్నా కాదు" అన్నారు డాక్టరమ్మ. మిగిలిన దారుల్లో మత్తు ఇచ్చి చేసే కరెంటు చికిత్స ఒకటి, కెటమిన్ ఒకటి అని చెప్పారు.

నేను ఉలిక్కిపడ్డాను. ఆ పేరు నేను రాసింది క్రైమ్ వార్తల్లోనే. ఇంట్లో చెబితే అమ్మీ ఒకటే సవాల్: "నషా చీజ్ హరామ్ హై నా బేటా?"

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పారు. కెటమిన్ అమెరికాలో 1970 నుంచీ ఆపరేషన్లలో మత్తుకి వాడుతున్న మందు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉంది. చాలా తక్కువ డోసులో డిప్రెషన్ మీద పనిచేస్తుందని 2000లో యేల్ డాక్టర్ల చిన్న పరీక్షలో కనపడింది. దాని చెల్లెలి లాంటి ఎస్‌కెటమిన్ ముక్కు స్ప్రేకి 2019లో అమెరికా ఇజాజత్ ఇచ్చింది. మామూలు గోలీలు ఎక్కువగా సెరటోనిన్ మీద పనిచేస్తే, ఇది మెదడులోని గ్లూటమేట్ మీద పనిచేస్తుంది. అందుకే వారాలు పట్టే అసర్ గంటల్లో కనపడొచ్చు. అయితే ఇంజెక్షన్‌కి మంజూరీ ఉన్నది మత్తు కోసమే, డిప్రెషన్‌కి డాక్టర్లు తమ జిమ్మేదారీ మీద ఇస్తారు. బీపీ పెరగొచ్చు, వాంతులు రావొచ్చు. ఇష్టం వచ్చినట్టు వాడితే అలవాటవుతుంది, మూత్రాశయం పాడవుతుంది.

మౌలానా సాబ్‌ని అడిగాను. "ఆపరేషన్ బల్ల మీద ఇచ్చే మత్తుని ఎవరన్నా హరామ్ అంటారా? జరూరత్‌కి, డాక్టర్ చేతి మీదుగా తీసుకునేది ఇలాజే" అన్నారు. అప్పుడు అబూ జైద్ అల్ బల్ఖీ గుర్తొచ్చాడు. గమ్ రెండు రకాలని, కారణం తెలిసినది ఒకటైతే, కారణం తెలియకుండా శరీరంలోంచి పుట్టేది రెండోదని, దానికి శరీరానికే ఇలాజ్ చేయాలని వెయ్యేళ్ల కిందటే రాశాడాయన. మా ఉర్దూ మీడియం స్కూల్లో ఇబ్నె సీనా పేరు చెప్పారు గానీ ఈయన పేరు చెప్పలేదు.

పరగడుపున తీసుకుపోయాం. కిలో బరువుకి అర మిల్లీగ్రాము చొప్పున, సెలైన్‌లో కలిపి, 40 నిమిషాలు ఎక్కించారు. పక్కన నర్సు, చేతికి బీపీ పట్టీ. "ఛత్తు దూరం పోతుంది, చేతులు నావి కానట్టున్నయ్" అంది ఆపా. నా గుండె దడదడలాడింది. కాసేపటికి ఆ స్థితి పోయింది. రెండు గంటలు కూచోబెట్టి పంపారు.

మర్నాడు సాయంత్రం చాయ్ తాగి, "చక్కెర తక్కువైంది" అంది. ఎన్ని నెలల తర్వాతో ఆమె నోట్లోంచి వచ్చిన మొదటి షికాయత్. అమ్మీ వంటింట్లోకి పోయి ఏడ్చింది.

వారం తిరక్కుండానే ఆపా మళ్లీ గోడ వైపు తిరిగింది. అసర్ నిలవదని, అందుకే వారానికి రెండుసార్లు చొప్పున ఇస్తారని డాక్టరమ్మ ముందే చెప్పారు. మూడు వారాల్లో ఆరుసార్లు ఎక్కించారు. ఇప్పుడు ఎడం పెంచారు. గోలీలు, కౌన్సెలింగ్ నడుస్తూనే ఉన్నాయి. అందరికీ పనిచేయదట. ఆపా పూర్తిగా బాగైందని రాస్తే అది ఝూట్. కొన్ని రోజులు ఫజర్‌కి లేస్తోంది, కొన్ని రోజులు లేవడం లేదు.

మీ ఇంట్లో ఎవరైనా ఇలా గోడ వైపు తిరిగి ఉంటే సబర్ పాఠం చెప్పకండి. పక్కన కూచోండి, డాక్టర్‌కి చూపించండి. టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు. చావు మాట వస్తే ఒక్క గంట కూడా ఆగకండి. దువా చేయండి, దవా కూడా ఇప్పించండి.

ఇది రాయమన్నది ఆపానే. "నా పేరు వద్దు, మాట రాయి" అంది.